బాకీ లేని మనిషికి బాకీ ఫోను

ఇది రాసేస్తే గానీ నిద్ర పట్టేలా లేదు. పొద్దున విత్తనాల షాపు నుంచి కోడుమూరు రైతుకి ఫోన్ పోయింది, 12,400 బాకీ ఉంది, ఎప్పుడు కడతారని. "ముందు డబ్బు కట్టింది నేనే గదా సామీ, పత్తి గింజలు ఇంకా తీసుకోనే లేదు, మల్లా బాకీ అంటారేంది?" అన్నాడాయన. ఆయన మాటే నిజం. షాపు లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్‌లో ఆయన ఖాతా సరిగ్గానే ఉంది, 12,400 క్రెడిట్, అంటే షాపే ఆయనకి ఇవ్వాల్సింది. చెడింది ఎక్సెల్ షీటులో, అదీ ఒక్క ఫార్ములా దగ్గర.

ట్యాలీ బయటికి ఇచ్చే లెక్కల్లో డెబిట్‌కి మైనస్, క్రెడిట్‌కి ప్లస్ ఉంటుంది. రైతు షాపుకి ఇవ్వాల్సింది డెబిట్ కాబట్టి బాకీ ఉన్న ప్రతి పేరు పక్కనా మైనస్ వస్తుంది. షాపాయనకి అది నచ్చదు, రావాల్సిన డబ్బుకి మైనస్ ఏంది అంటారు. షీటు కట్టే మనిషి వెంటనే అంకె ముందున్న మైనస్‌ని తీసేసే ఏబీఎస్ ఫార్ములా కొట్టి కిందికి లాగేస్తాడు. మైనస్‌లన్నీ పోతాయి, వాటితో పాటు ఎవరు ఎవరికి ఇవ్వాలన్నదీ పోతుంది. 3,00,000 బాకీలు, 40,000 అడ్వాన్సులు ఉన్న షాపుకి నికరంగా రావాల్సింది 2,60,000. ఏబీఎస్ కాలమ్ కింద మొత్తం కొడితే 3,40,000 కనిపిస్తుంది. ఆ అంకె చూసుకుని ఎవరికైనా చెక్కు రాసిస్తే దాని సంగతేంది? ముందు డబ్బు కట్టి నమ్మకంగా ఉన్న మనిషిని బాకీదారు అనడం అంతకన్నా పెద్ద తప్పు. పల్లెలో ఆ మాట ఊరంతా తిరుగుతుంది.

ట్యాలీ లెక్కలు ఎక్సెల్‌లోకి వచ్చే కనెక్షన్ కుదిర్చేదానికి పట్టే శ్రమ తెలిసినవాళ్ళకి ఈ ఒక్క ఫార్ములా ఎంత బాధ పెడుతుందో అర్థమవుతుంది. ట్యాలీప్రైమ్‌లో ఎఫ్1 నొక్కి సెట్టింగ్స్, కనెక్టివిటీ, అందులో క్లయింట్/సర్వర్ కాన్ఫిగరేషన్. యాక్ట్స్ యాజ్ దగ్గర 'బోత్', ఓడీబీసీకి (ఎక్సెల్ లాంటివి ట్యాలీ డేటా చదివే దారి) 'యెస్', పోర్టు (ఆ దారి నంబరు) 9000. ట్యాలీ మూసి మళ్ళీ తెరవాలి. తర్వాత బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్:9000 కొడితే సర్వర్ రన్ అవుతోందని ఒక లైను రావాలి. అది రాకుండా ఎక్సెల్ జోలికి పోవడం దండగ. చాలాసార్లు రాకపోవడానికి కారణం ఇంకో ట్యాలీ అప్పటికే తెరిచి ఉండటం, 9000 దాని చేతిలో ఉంటుంది. రెండోదానికి 9001 ఇచ్చుకోవాలి.

ఆ పైన బిట్ల గొడవ. ఎక్సెల్ 32 బిట్ అయితే ఓడీబీసీ డ్రైవరూ 32 బిట్‌ది కావాలి, 64కి 64. కలవకపోతే 'ఆర్కిటెక్చర్ మిస్‌మ్యాచ్' అని ఎర్రర్ వస్తుంది, అది చూసి పాస్‌వర్డ్ తప్పేమోనని గంటలు గంటలు వెతికేవాళ్ళున్నారు. ఎక్సెల్‌లో ఫైల్, అకౌంట్, అబౌట్ ఎక్సెల్ తెరిస్తే మొదటి లైనులోనే ఎన్ని బిట్లో ఉంటుంది. ఆ తర్వాత డేటా ట్యాబ్‌లో గెట్ డేటా, ఫ్రమ్ అదర్ సోర్సెస్, మైక్రోసాఫ్ట్ క్వెరీ. ఓడీబీసీలో లెడ్జర్లు (ఒక్కొక్కరి ఖాతాలు), స్టాకు ఐటెంల వంటి మాస్టర్లు సులువుగా వస్తాయి. వోచర్లు, అంటే ఒక్కో లావాదేవీ ఎంట్రీ, లైను లైనుగా కావాలంటే అదే పోర్టు మీద ఎక్స్‌ఎమ్‌ఎల్‌తో మాట్లాడే యాడ్-ఇన్ (ఎక్సెల్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాం) పెట్టుకోవాలి. నెట్ నుంచి దించిన యాడ్-ఇన్ ఫైలుని ముందు ప్రాపర్టీస్‌లోకి పోయి 'అన్‌బ్లాక్' టిక్కు పెట్టాలి, లేకపోతే ఎక్సెల్ దాన్ని లోడ్ చేయకుండా ఆపేయొచ్చు. నిన్నటిదాకా ఉన్న యాడ్-ఇన్ ట్యాబ్ ఇవాళ మాయమైతే మళ్ళీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. ఎక్సెల్ ఒకసారి క్రాష్ అయితే అది డిజేబుల్డ్ ఐటెమ్స్‌లో పడి ఉంటుంది. ఆప్షన్స్, యాడ్-ఇన్స్, కింద 'మేనేజ్' పెట్టెలోంచి దాన్ని ఎనేబుల్ చేసి, దాని రకాన్ని బట్టి ఎక్సెల్ యాడ్-ఇన్స్‌లో గానీ కామ్ యాడ్-ఇన్స్‌లో గానీ మళ్ళీ టిక్కు పెడితే చాలు.

ఇవన్నీ దాటుకుని వచ్చిన అంకెల మీద ఏబీఎస్!

పెద్దనాన్న చిట్టాలో ఈ గొడవే ఉండేది కాదు. ఆదోని పత్తి మండీలో ఆయన గుమస్తాగా ఉన్న రోజుల్లో ఆ పుస్తకం ఎర్రబట్ట అట్టతో, పొడుగ్గా, మధ్యలో దారంతో కుట్టి ఉండేది. పేజీ మీద గీతలుండవు, కాగితాన్ని నిలువుగా మడిచి విప్పితే వచ్చే మడతలే కాలమ్‌లు. ఎడమ సగం జమ, కుడి సగం ఖర్చు. పత్తి బండి తెచ్చిన రైతు పేరు కింద జమ, ఆయన తీసుకున్న అడ్వాన్సు కుడిపక్క, హమాలీ కూలీ వేరే. సాయంత్రం రెండు పక్కలా కూడి, తేడాని 'నిల్వ' అని రాసి కింద రెండు గీతలు కొట్టేవాడు. అంకె ఏ పక్క ఉందో చూస్తే చాలు, ఎవరు ఎవరికి ఇవ్వాలో తెలిసిపోయేది. మైనస్ గుర్తు ఆ పుస్తకంలో ఎక్కడా చూసిన గుర్తు లేదు. కాగితం కూడా వేరే వాసన, పత్తి దుమ్ము పట్టి కొంచెం గరుకుగా ఉండేది. పెద్దమ్మ ఇప్పటికీ రెండు పుస్తకాలు ట్రంకు పెట్టెలో దాచింది, అడిగితే ఇవ్వదు.

ఇక్కడిదాకా రాసేటప్పుడు నా వాదన, ట్యాలీ వాళ్ళు ఈ మైనస్ ఎందుకు పెట్టినట్టు, పెద్దనాన్న పద్ధతే మేలు అని. కానీ ఆలోచిస్తే అలా అనలేను. మైనస్ ఉండబట్టే ఒక వోచరులోని లైన్లన్నీ కూడితే సున్నా రావాలి. వోచరు నంబరు మీద పివట్ (ఎక్సెల్ వేసే మొత్తాల పట్టిక) పెట్టి మొత్తం చూస్తే, సున్నా కాని వోచరు దగ్గర ఏదో లైను రాలేదనో, ఎవరో చేత్తో అంకె మార్చారనో అక్కడికక్కడే బయటపడుతుంది. పెద్దనాన్న సాయంత్రమంతా కూర్చుని కూడితే దొరికేది ఇక్కడ ఒక క్లిక్కుతో దొరుకుతుంది. గుర్తు తీసేస్తే ఆ కాపలా పోయినట్టే. కాబట్టి డేటా షీటులో మైనస్ ఉండాల్సిందే, దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు.

షాపాయన చూసే షీటు వేరే. అక్కడ ఒక్క కాలమ్ కాదు, రెండు. 'రావాల్సింది' అనే కాలమ్‌లో మ్యాక్స్ ఫార్ములాతో సున్నా, బ్యాలెన్సుకి గుర్తు తిప్పిన అంకె, ఈ రెండిట్లో పెద్దది. 'అడ్వాన్సు' కాలమ్‌లో సున్నా, బ్యాలెన్సు, రెండిట్లో పెద్దది. కోడుమూరు రైతు 12,400 రెండో కాలమ్‌లో పడుతుంది, ఫోన్ చేసే పిల్లోడు మొదటి కాలమ్ చూస్తే చాలు. చిట్టాలోని రెండు పక్కలు ఎక్సెల్‌లోకి వచ్చినట్టే.

రెండు కాలమ్‌లలోనూ మైనస్ ఉండదు కాబట్టి లక్షల కామాలు కూడా దీంతో కుదురుతాయి. కస్టమ్ ఫార్మాట్‌లో రెండు షరతులే రాయొచ్చు, కోటికి ఒకటి, లక్షకి ఒకటి, ఇంక మైనస్ అంకెలకి చోటు లేక 2,60,000 కాస్తా మైనస్‌లో 260,000 అయిపోతుంది. విండోస్ రీజియన్‌ని ఇంగ్లీష్ (ఇండియా)కి మారిస్తే మామూలు కామా స్టైల్ చాలు, ఏ ఫార్మాటూ రాయక్కర్లేదు.

ఇంకొకటి మిగిలింది, ఇదీ ప్రమాదమే. ఆ పిల్లోడు క్వెరీ టేబుల్ (ట్యాలీ నుంచి వచ్చిన పట్టిక) పక్క కాలమ్‌లో 'పత్తి అమ్మినాక ఇస్తాడు', 'ఫోన్ ఎత్తడు' అని చేత్తో టైపు చేస్తున్నాడు. కొత్త లెడ్జర్ ఒకటి చేరి రిఫ్రెష్ అయితే పేర్లు ఒక అడ్డవరస కిందికి జరుగుతాయి, ఆ మాటలు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. గూడూరు ఆయన మాట వెల్దుర్తి ఆయన పక్కకి చేరుతుంది. రిమార్కులు వేరే షీటులో లెడ్జర్ పేరుతో పెట్టుకుని పేరు చూసి వెతికి తెచ్చే వీ-లుకప్ ఫార్ములాతో తెచ్చుకోవాలి. రెండు కంపెనీలు తెరిచి ఉంటే ఏది యాక్టివ్‌గా ఉంటే దాని లెక్కే వస్తుంది కాబట్టి షీటు పైన కంపెనీ పేరూ లాక్కొచ్చి పెట్టాలి. పివట్ పాత అంకెలే చూపిస్తుంటే క్వెరీ ప్రాపర్టీస్‌లో బ్యాక్‌గ్రౌండ్ రిఫ్రెష్ టిక్కు తీసేయాలి, లేకపోతే డేటా రాకముందే పివట్ రిఫ్రెష్ అయిపోతుంది.

రేపు షాపు తెరవగానే ముందు ఆ రైతుకి షాపాయనతోనే ఫోన్ చేయించాలి, పిల్లోడితో కాదు. షీటు పని ఆ తర్వాతే.