ఊడలు దిగిన అగ్నిగోళం

1952లో నెవాడా ఎడారిలో టంబ్లర్-స్నాపర్ అణుపరీక్షలప్పుడు తీసిన ఫొటోను మొదటిసారి చూసినప్పుడు, అదేదో సముద్రపు అడుగున బతికే జీవి అనుకున్నాను. బొబ్బలెక్కిన తెల్లటి గోళం, దాని అడుగు నుంచి మర్రి ఊడల్లా కిందికి దిగిన మెరుపు ముళ్లు. బాంబును పెట్టిన ఉక్కు టవర్‌కు ఊతంగా, మన కరెంటు స్తంభాలకుండే స్టే వైర్లలా, లాగి కట్టిన తాళ్లే ఆ ఊడలు. అగ్నిగోళం తమను తాకకముందే దాని వెలుగును పీల్చుకుని అవి ఆవిరైపోయాయి. జాన్ మాలిక్ అనే భౌతికశాస్త్రవేత్త ఈ వింతను పరిశీలించాడు. తాళ్లకు నల్లరంగు పూస్తే ఊడలు మరింత పెరిగాయి. మెరిసే రేకు చుడితే అసలు రాలేదు.

ఇంత చిన్న క్షణాన్ని పట్టుకున్నది అమెరికన్ ఇంజనీరు హెరాల్డ్ ఎడ్జర్టన్, ఆయన సహచరులు రూపొందించిన రాపట్రానిక్ కెమెరా. రెక్కలు తెరుచుకుని మూసుకునే షట్టర్ ఎంత వేగమైనదైనా ఈ పనికి చాలదు కనుక, ఇందులో కదిలే షట్టరే లేదు. ఒకదానికొకటి అడ్డంగా అమర్చిన రెండు పోలరైజర్లు (ఒక్క దిశలో కంపించే వెలుగును మాత్రమే పోనిచ్చే పలకలు) వెలుగును పూర్తిగా ఆపేస్తాయి. వాటి మధ్యనున్న గాజు దిమ్మ చుట్టూ ఉన్న తీగచుట్టలో ఒక్కసారిగా విద్యుత్తు పారించినప్పుడు, పుట్టిన అయస్కాంత క్షేత్రం వెలుగు కంపించే దిశను తిప్పి, కొన్ని మైక్రోసెకన్లపాటు మాత్రం దానికి దారి ఇస్తుంది. ఒక్కో కెమెరాకు ఒక్క బొమ్మే దక్కుతుంది కాబట్టి, వాటిని వరుసగా నిలిపి ఒక్కోదాన్ని ఒక్కో క్షణానికి పనిచేయించేవారు.

ఈ ఫొటోలన్నీ ప్రధానంగా కొలతల కోసం తీసినవే. 1945 జులై 16న న్యూ మెక్సికోలో జరిగిన ట్రినిటీ పరీక్షకు, అంటే ప్రపంచపు మొట్టమొదటి అణుబాంబు పరీక్షకు, ఫొటోగ్రాఫర్ బెర్లిన్ బ్రిక్స్‌నర్ బృందం యాభై దాకా కెమెరాలను సిద్ధం చేసింది. (ఆ రోజు సరిగ్గా వచ్చిన ఒకే ఒక్క రంగుల ఫొటో మాత్రం జాక్ ఏబీ తన సొంత కెమెరాతో తీసినది!) బాంబు శక్తి ఇంకా రహస్యంగా ఉండగానే, సమయమూ కొలబద్ద గుర్తూ ఉన్న ఆ ఫొటోలను బయటపెట్టారు. కేంబ్రిడ్జ్‌లోని భౌతికశాస్త్రవేత్త జి.ఐ. టేలర్ అగ్నిగోళం వ్యాసార్థం ఎంతసేపటిలో ఎంత పెరిగిందో వాటిలో చూసి, బాంబు శక్తి దాదాపు 17 కిలోటన్నులని (అంటే 17 వేల టన్నుల టీఎన్‌టీ పేలుడు పదార్థంతో సమానమని) లెక్కగట్టి 1950లో అచ్చువేశాడు. గూఢచారుల అవసరం లేకుండానే రహస్యం బయటపడిన ఈ ఉదంతం నాకు భలే ఇష్టం.

1945 నుంచి 1962 వరకు అమెరికా వాతావరణంలో జరిపిన 210 పరీక్షలకు సుమారు పదివేల ఫిల్ములున్నాయి. లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలో గ్రెగ్ స్ప్రిగ్స్ బృందం వాటిని వెతికి తీసి స్కాన్ చేసి, పాత కొలతలను తిరిగి సరిచూస్తోంది. డబ్బాల మూతలు తీస్తే వెనిగర్ వాసన వచ్చేదట. అంటే ఫిల్ము అప్పటికే కుళ్లడం మొదలుపెట్టిందన్నమాట.