రెండు కాలమ్‌ల ఫైలుతో నేను పడిన పాట్లు

మా గైడు గారు నిన్న ఆ గ్రాఫును చాలాసేపు చూసి, "ఇక పేపరు మొదలుపెట్టమ్మా" అన్నారు. ఆ మాట కోసం నెలల తరబడి ఎదురుచూశాను. మళ్లీ పనిలో పడితే ఈ కోపమూ ఈ ఊరటా రెండూ చల్లారిపోతాయి. అందుకే ఇప్పుడే రాస్తున్నాను. హైదరాబాద్‌లో నానో కణాల మీద పనిచేస్తూ, సాక్స్ కొలతలు వేరేచోట చేయించుకుని, ఆ డేటాకు ఇంట్లోనో హాస్టల్లోనో కూర్చుని మోడల్ కుదుర్చుకునే వాళ్లు చాలామందే ఉన్నారు. ఇది వాళ్ల కోసం.

సాక్స్ అంటే చిన్న కోణాల ఎక్స్‌రే పరిక్షేపణం. నమూనా గుండా సన్నని ఎక్స్‌రే పుంజాన్ని పంపితే, కణాల పరిమాణాన్నీ ఆకారాన్నీ బట్టి కొంత కాంతి సూటి దారి నుంచి కొద్దిగా పక్కకు చెదురుతుంది. ఏ కోణంలో ఎంత చెదిరిందో గీస్తే ఒక వక్రరేఖ వస్తుంది. అందులో కణం బొమ్మ నేరుగా కనిపించదు. ఫలానా ఆకారం అనుకుని లెక్కగట్టిన గీతను దాని మీద పెట్టి, సరిపోతుందో లేదో చూసుకోవాలి. కష్టమంతా అక్కడే.

సిలికా కణాలు తయారుచేయడం తేలిక. 1968లో స్టోబర్ బృందం చెప్పిన పద్ధతే: ఆల్కహాలు, అమోనియా, టియోస్ అనే సిలికాన్ సమ్మేళనం. నీళ్లలోకి మార్చి, పలచన చేసి, కేపిల్లరీ అనే సన్నని గొట్టంలో నింపి పంపాను. మోడల్ కుదుర్చుకునే సాఫ్ట్‌వేర్ సాస్‌వ్యూ ఉచితం, పాత లాప్‌టాప్‌లోనూ నడుస్తుంది. అమెరికాలో డాన్స్ అనే ప్రాజెక్టులో పుట్టింది, ఇప్పుడు అనేక దేశాల న్యూట్రాన్ కేంద్రాల వాళ్లు కలిసి నిర్వహిస్తున్నారు. ఇంతవరకు చెప్పుకోవలసిన ఇబ్బందేమీ లేదు.

ఇబ్బంది ఫైలుతో మొదలైంది. కొలతలు చేసిన కేంద్రం పేరు రాయను. అక్కడి నుంచి వచ్చిన ఫైల్లో ఉన్నవి రెండు కాలమ్‌లు మాత్రమే: చెదిరిన కోణాన్ని బట్టి లెక్కగట్టే క్యూ విలువ, అక్కడి తీవ్రత. పైన శీర్షిక లేదు, ప్రమాణాలు లేవు, ఎర్రర్లు, అంటే ఏ అంకెలో ఎంత అనిశ్చితి ఉందో చెప్పే విలువలు, లేవు. తూకపురాయి బరువెంతో చెప్పకుండా సరుకు తూచి ఇచ్చినట్టు ఉంది. ఫోను చేస్తే ఆపరేటర్ గారు "అన్నీ స్టాండర్డే మేడమ్" అని పెట్టేశారు.

ప్రమాణాల సంగతి నేనే తేల్చుకున్నాను. సాస్‌వ్యూ ఏ ప్రమాణమూ చెప్పని ఫైలును విలోమ ఆంగ్‌స్ట్రామ్‌లలో ఉన్నట్టే చదువుకుంటుంది (ఆంగ్‌స్ట్రామ్ అంటే నానోమీటరులో పదో వంతు). ఆ లెక్కన నా కణాల వ్యాసార్ధం ఒకటిన్నర నానోమీటర్లు వచ్చింది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే పదిహేను. సరిగ్గా పది రెట్ల తేడా. అదృష్టం కొద్దీ పరికరాన్ని సరిచూసుకునే సిల్వర్ బెహనేట్ ఫైలు కూడా అదే మెయిల్లో వచ్చింది. ఆ పదార్థపు పొరల మధ్య దూరం 58.38 ఆంగ్‌స్ట్రామ్‌లు, కాబట్టి మొదటి శిఖరం 0.1076 దగ్గర రావాలి. నా ఫైల్లో అది 1.076 దగ్గర ఉంది. అంటే వాళ్లు ఇచ్చింది విలోమ నానోమీటర్లలో. మొదటి కాలమ్‌ను పదితో భాగించాను, సమస్య తీరింది. మీకు బెహనేట్ ఫైలు ఇవ్వకపోతే అడిగి తీసుకోండి. అది లేకుండా ఏ కేంద్రం డేటానూ నమ్మవద్దు.

తరువాత గోళం మోడల్ తెరిచాను. ఇక్కడ కొత్తవాళ్లకు ఒక మాట. మోడల్ తెరవగానే కనిపించే అంకెలు మీ నమూనావి కావు. ద్రావకం పరిక్షేపణ సాంద్రత, అంటే కిరణాలను ఎంత బలంగా చెదరగొడుతుందో చెప్పే అంకె, ఎదురుగా 6 అని ఉంటుంది. అది న్యూట్రాన్లకు భారజలపు విలువ అయిన 6.4కు దగ్గరగా పెట్టినది. ఎక్స్‌రేలకు మామూలు నీటి విలువ సుమారు 9.4. వ్యాసార్ధం 50 ఆంగ్‌స్ట్రామ్‌లు అని ఉంటుంది, దాన్నీ అలాగే వదిలేసి ఫిట్ నొక్కితే సాఫ్ట్‌వేర్ వాడే లెవెన్‌బర్గ్-మార్క్వార్ట్ పద్ధతి దగ్గర్లో దొరికిన తప్పు జవాబు దగ్గరే ఆగిపోతుంది. మొదటి అంచనా మనమే వేసుకోవాలి. గోళం వక్రరేఖ మొట్టమొదట లోతుగా పడిపోయే చోటి క్యూ విలువతో 4.493ను భాగిస్తే వ్యాసార్ధం వస్తుంది. నా డేటాలో ఆ పల్లం 0.030 దగ్గర ఉంది. కాగితం మీద భాగహారం చేస్తే 150 ఆంగ్‌స్ట్రామ్‌లు. ఆ అంకెతో మొదలుపెట్టి, కణాలన్నీ ఒకే సైజులో ఉండవు గనుక పాలీడిస్పర్సిటీని, అంటే సైజుల తేడాను, కూడా స్వేచ్ఛగా మారనిస్తే, గీత చుక్కల మీద చక్కగా కూర్చుంది.

అది పట్టుకుని డాక్టోరల్ కమిటీ ముందుకు వెళ్లాను.

బయటి సంస్థ నుంచి వచ్చిన ఒక పెద్దాయన మొదటి స్లయిడు నుంచే కళ్లజోడు తీసి పెడుతూ, తీస్తూ ఉన్నారు. ఫిట్ స్లయిడు మీద కై స్క్వేర్ ఉంది: గీతకూ చుక్కలకూ ఉన్న తేడాలను ఎర్రర్లతో భాగించి, వర్గం చేసి తీసే సగటు. ఆ స్లయిడు రాగానే పెద్దాయన "ఆగండి" అన్నారు. "కై స్క్వేర్ 0.04 అని రాశారు. దేనితో భాగించారు?" ఎర్రర్లు అందలేదని స్లయిడు కింద రాశాను, అదే చెప్పాను. "అయితే ఆ అంకెకు అర్థమేమిటి? మీ తీవ్రతలన్నీ పదితో గుణించండి, కై స్క్వేర్ వంద రెట్లవుతుంది. అప్పుడు ఫిట్ పాడైపోయినట్టా?" గదిలో మా జూనియర్లు ఉన్నారు. ఎవరో ఫోను వంక చూస్తున్నట్టు తల దించుకున్నారు. ఆయన ఇంకా ఆపలేదు. "మీరు గోళాలంటున్నారు. నేను కాస్త సాగిన దీర్ఘగోళాలంటాను, అన్నీ ఒకే సైజు అంటాను. ఈ గీత రెండింటికీ కుదురుతుంది. నన్ను కాదనండి చూద్దాం." నా దగ్గర జవాబు లేదు. ఎర్రర్లు లేకుండా ఎవరి దగ్గరా ఉండదు. చివరికి, "సాఫ్ట్‌వేర్ ఇచ్చిన అంకెను తెచ్చి చూపించడానికి పీహెచ్‌డీ దేనికండీ?" అన్నారు. గైడు గారు కాగితాలు సర్దుకుంటూ ఉండిపోయారు.

ఆ రోజు తార్నాక స్టేషన్లో మెట్రో ఎక్కి, దిగవలసిన చోట దిగకుండా నాగోలు దాకా వెళ్లిపోయాను. ఆయన అడిగిన ప్రశ్న నూటికి నూరుపాళ్లు సరైనది. అడిగిన తీరు మాత్రం కాదు. డేటాలో ఎర్రర్లు లేకపోవడం నా చేతిలో ఉన్న విషయం కాదని ఆయనకు తెలుసు, అయినా నిలబెట్టి అడిగారు. నేర్పాలనుకునే వాళ్లు విద్యార్థిని పక్కకు పిలిచి కూడా నేర్పగలరు. మన దగ్గర పరిశోధన మధ్యలో వదిలేసి వెళ్లే పిల్లల్లో ఎంతోమంది చదువు రాక వెళ్లడం లేదు, ఇలాంటి మధ్యాహ్నాలు భరించలేక వెళుతున్నారు. ఇది నేను గట్టిగానే అంటాను.

మర్నాడు కేంద్రానికి మళ్లీ ఫోను చేశాను. ఎర్రర్ కాలమ్ కావాలన్నాను. "అందరికీ ఇలాగే ఇస్తున్నాం మేడమ్, ఇంతవరకు ఎవరూ అడగలేదు." అయితే డిటెక్టర్ మూల చిత్రాలు ఇవ్వండి అన్నాను. దానికి విభాగాధిపతి సంతకంతో ఉత్తరం కావాలట. ఉత్తరం పంపితే, దానిలో నమూనా నంబర్లు లేవని తిప్పి పంపారు. నంబర్లు వేసి పంపితే, బాధ్యుడు సెలవులో ఉన్నారన్నారు. సెలవు అయ్యాక, పాత చిత్రాలు సర్వర్ నుంచి తీసేసి ఉంటారన్నారు. చివరికి రుసుము కట్టిన రసీదు నకలు పట్టుకుని స్వయంగా వెళ్లి వాళ్ల బల్ల ముందు కూర్చున్నాను. ఒక కుర్ర టెక్నీషియన్ "ఉన్నాయక్కా, బ్యాకప్ డిస్కులో ఉన్నాయి" అని లేచి, టీ చల్లారేలోగా నా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇచ్చాడు. ఇంత చిన్న పనికి అంత తిరగాలా? ప్రజల డబ్బుతో కొన్న పరికరం అది. దాని నుంచి వచ్చిన ప్రతి అంకెతోపాటు దాని అనిశ్చితిని కూడా ఇవ్వడం వాళ్ల విధి.

మూల చిత్రాలు చేతికి వచ్చాక అసలు పని మొదలైంది. హబ్సిగూడ వైపు ప్రొటీన్ల మీద పనిచేసే ఒక అన్నయ్య దగ్గర కూర్చుని, పైఫాయ్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఆ చిత్రాలను వలయాలవారీగా సగటు చేయడం నేర్చుకున్నాను. డిటెక్టర్ ఫోటాన్లను ఒక్కొక్కటిగా లెక్కపెడుతుంది. వంద ఫోటాన్లు పడిన చోట అనిశ్చితి పది, పదివేలు పడితే వంద. ఎర్రర్లంటే ఇంతే, దీనికోసమే నన్ను అంత తిప్పారు. నమూనా, నీళ్లు, ఖాళీ కేపిల్లరీ మూడింటినీ వాటి వాటి ప్రసారంతో, అంటే ఎంత ఎక్స్‌రే సూటిగా దాటి వచ్చిందో ఆ విలువతో, సరిచేసి తీసివేతలు చేశాను. ఖాళీ కేపిల్లరీని తీసేస్తే మిగిలిన నీటి పరిక్షేపణం చదునుగా వచ్చింది. గది ఉష్ణోగ్రత దగ్గర దాని విలువ సెంటీమీటరుకు సుమారు 0.016 అని తెలుసు కాబట్టి, నా తీవ్రతలన్నిటినీ ఆ కొలబద్ద మీదికి తెచ్చుకున్నాను.

ఇప్పుడు అదే గోళాన్ని మళ్లీ పెట్టి చూస్తే దృశ్యమే మారిపోయింది. ఎర్రర్లు లేనప్పుడు సాఫ్ట్‌వేర్ అన్ని చుక్కలనూ ఒకే బరువుతో చూస్తుంది. ఎడమవైపు తీవ్రత కుడివైపు కంటే వేల రెట్లు ఎక్కువ కాబట్టి ఎడమ చివర ఉన్న కొన్ని చుక్కలే మొత్తం తీర్పు చెప్పేస్తాయి. ఆకారం గురించి చెప్పే పల్లాలకు మాట దక్కదు. ఎర్రర్లు పెట్టగానే ఆ పల్లాలకు గొంతు వచ్చింది. అంత చక్కగా కనిపించిన పాత గీత 0.030 దగ్గర చుక్కల కిందికి జారి ఉంది. తేడాల గ్రాఫులో, అంటే డేటా నుంచి మోడల్‌ను తీసేసి ఎర్రర్‌తో భాగించిన గ్రాఫులో, స్పష్టమైన అలలు. అక్కడ అలలుంటే మోడల్లో ఏదో లోపం ఉన్నట్టే. పుంజం వెడల్పును లెక్కలోకి తీసుకుని, సైజుల విభజనను షుల్జ్ రకానికి మార్చాక అలలు తగ్గి, చుక్కలు సున్నాకు అటూ ఇటూ చెదిరాయి. కై స్క్వేర్ 1.3. చూడటానికి 0.04 కంటే పెద్దదే, కానీ దీనికి అర్థం ఉంది: తేడాలు ఎర్రర్లంతే ఉంటే ఇది ఒకటికి దగ్గరగా వస్తుంది.

పెద్దాయన దీర్ఘగోళాన్ని కూడా పెట్టి చూశాను. కై స్క్వేర్ 1.4. నిజాయితీగా చెబుతున్నాను, సాక్స్ ఒక్కదానితో ఈ రెండింటినీ విడదీయలేం. రకరకాల సైజుల గోళాలూ, ఒకే సైజు దీర్ఘగోళాలూ దాదాపు ఒకేలాంటి గీతనిస్తాయి. తీర్పు బయటి నుంచి రావాలి. మైక్రోస్కోపు చిత్రాల్లో ప్రతి కణానికీ పొడవూ వెడల్పూ కొలిచాను. నిష్పత్తి సగటున 1.04. సాగిన కణాలు కావు, గుండ్రనివే. సైజుల తేడా ఎనిమిది శాతం. సాక్స్‌లో స్వేచ్ఛగా వదిలిన పాలీడిస్పర్సిటీ తొమ్మిది శాతం వచ్చింది. వ్యాసార్ధం సాక్స్‌లో 14.8 నానోమీటర్లు, మైక్రోస్కోపులో 14.3. రెండు వేర్వేరు పరికరాలు ఇంత దగ్గరగా పలికినప్పుడు కలిగిన ఆనందం ఇంత కాలంలో ఇంకెప్పుడూ కలగలేదు.

ఇంకో ఉచ్చు గురించి చెప్పాలి. ద్రవంలో కణాలు ఎంత భాగం ఉన్నాయో చెప్పే స్కేల్‌నూ, సిలికా పరిక్షేపణ సాంద్రతనూ రెండింటినీ ఒకేసారి స్వేచ్ఛగా మారనివ్వకండి. తీవ్రత సిలికాకూ నీటికీ ఉన్న పరిక్షేపణ సాంద్రతల తేడా వర్గం మీద ఆధారపడుతుంది, స్కేల్ దాన్నే గుణిస్తుంది. ఒకటి పెరిగితే ఇంకొకటి తగ్గి సరిపెట్టుకుంటాయి. సాస్‌వ్యూలో డ్రీమ్ అనే పద్ధతితో నడిపితే ఈ సంబంధం కంటికి కనిపిస్తుంది: ఆ రెండింటి గడిలో గుండ్రని మచ్చకు బదులు సన్నని ఏటవాలు చార పడుతుంది. అలాంటి చార కనబడితే ఒకదాన్ని తెలిసిన విలువ దగ్గర కట్టేయాలి. ఆ విలువను కూడా జాగ్రత్తగా ఎంచుకోవాలి. సిలికా మామూలు సాంద్రత 2.0 అనుకుంటే పరిక్షేపణ సాంద్రత సుమారు 17 వస్తుంది, 2.2 అనుకుంటే 18.6. చిన్న తేడాలా కనిపిస్తుంది కానీ, నీటి విలువ తీసేసి వర్గం చేస్తే తీవ్రత దాదాపు ఒకటిన్నర రెట్లు మారుతుంది. పుస్తకంలోని 2.2 కరిగించి చేసిన గాజుది. స్టోబర్ సిలికా అంత చిక్కగా ఉండదు. నేను నా పొడి సాంద్రతను కొలిపించి వాడాను.

ఇప్పుడు మా అంతస్తులో ఎవరికి సాక్స్ ఫైలు వచ్చినా "అక్కా, ఒక్కసారి చూడరా" అని నా దగ్గరికే తెస్తున్నారు. ముందు తేడాల గ్రాఫు చూపించమంటాను, గీత తరువాత చూస్తాను. నమూనా పంపే ముందే కేంద్రానికి మెయిల్ రాసి, ఎర్రర్ కాలమ్, ప్రమాణాలు, నీటి ఫైలు, ఖాళీ కేపిల్లరీ ఫైలు, ప్రసారం విలువలు, మూల చిత్రాలు ఇస్తామని రాతపూర్వకంగా తీసుకోమంటాను. ఫోనులో ఇచ్చిన మాట చెల్లదు. ఇవ్వనంటే ఇంకో కేంద్రం చూసుకోండి. ఇండోర్‌లో ఇండస్-2 సింక్రోట్రాన్ ఉంది, న్యూట్రాన్లు కావాలంటే ట్రాంబేలో ధ్రువ రియాక్టర్ ఉంది, దరఖాస్తు పెట్టుకోవచ్చు.

కమిటీ తదుపరి సమావేశం వచ్చే నెల. మొదటి స్లయిడులోనే తేడాల గ్రాఫు, దాని పక్కన దీర్ఘగోళం ఫిట్, దాని కింద మైక్రోస్కోపు కొలతలు పెడుతున్నాను. ఆ పెద్దాయన తప్పక రావాలని గైడు గారితో చెప్పి ఆహ్వానం పంపించాను.