బడి నుంచి ఇంటికి రావలసిన కబురు

బడి నుంచి వచ్చిన నాలుగేళ్ల పిల్లను "ఇవాళ ఏం చేశారమ్మా?" అని అడిగితే "ఏమీ లేదు" అంటుంది. ఇది ఒక్క మా ఇంటి సంగతి కాదు. పిల్ల దాస్తున్నదీ కాదు, విసుక్కుంటున్నదీ కాదు. పొద్దుటి నుంచి జరిగినదంతా గుర్తు చేసుకుని వరుసగా చెప్పడం ఆ వయసుకు మించిన పని. అదే "చింతగింజలతో ఏం ఆడారు?" అని అడిగి చూడండి. ఎవరి దగ్గర ఎక్కువ గింజలున్నాయో, ఎవరికి తక్కువై అలిగారో, ఎవరు ఒక గింజ ముక్కులో పెట్టుకోబోతే మిస్ పరుగెత్తుకొచ్చారో అన్నీ బయటికొస్తాయి. అన్నం తినడం అయిపోయినా కబుర్లు అయిపోవు. అయితే చింతగింజల సంగతి నాకెలా తెలియాలి? బడి చెబితేనే తెలియాలి.

కిండర్‌గార్టెన్ నుంచి ఇళ్లకు సమాచారం ఎంత రావాలి, ఎలా రావాలి అన్న మాట తల్లిదండ్రుల సమావేశంలో ఎప్పుడు వచ్చినా నేను అడిగేది ఒక్కటే. సాయంత్రం మా పిల్లతో మాట కలపడానికి సరిపోయేంత చెప్పండి చాలు.

బెంగళూరులో స్థిరపడిన మాలాంటి తెలుగు కుటుంబాలకు ఇది మరీ అవసరం. మేముండేది మారతహళ్లి వైపు. ఇంట్లో తెలుగు. లిఫ్టులో, పార్కులో, కూరగాయల బండి దగ్గర కన్నడం, హిందీ. క్లాసులో ఇంగ్లీషు. చేతులు కడిగించే ఆయమ్మతో మళ్లీ కన్నడం. పాప రోజులో పెద్ద భాగం మేము వినని పాటలతో, మాకు తెలియని ఆటలతో గడుస్తుంది. వాటి గురించి ఇంట్లో తెలుగులో మాట్లాడకపోతే వాటిని చెప్పే తెలుగు పాపకు ఎప్పటికీ రాదు. పెద్దయిన పిల్లలకు తెలుగు సరిగా రాలేదని బాధపడే తల్లిదండ్రులు మా చుట్టూ చాలామంది ఉన్నారు. ఆ పిల్లలకు అన్నం, నీళ్లు, స్నానం, నిద్ర వరకు తెలుగు బాగానే వచ్చు. స్నేహితురాలితో వచ్చిన తగాదాను చెప్పుకోవడానికి కావలసిన తెలుగు మాత్రం రాదు. ఆ తగాదా గురించి ఇంట్లో ఎవరూ ఎన్నడూ అడగలేదు. అడగాలంటే అలాంటిది ఒకటి జరిగిందని తెలియాలి కదా!

పిల్లల జ్ఞాపకాల మీద ఏళ్ల తరబడి పనిచేసిన రాబిన్ ఫైవుష్, ఎలేన్ రీస్ వంటి మనస్తత్వ శాస్త్రవేత్తలు తేల్చిన విషయం ఇక్కడ పనికొస్తుంది. జరిగిన సంగతులను పిల్లలతో కలిసి నెమరు వేసుకుంటూ, కొత్త వివరాలు చేరుస్తూ, అవును కాదు అని తేల్చేయలేని ప్రశ్నలు వేస్తూ మాట్లాడే తల్లుల పిల్లలు తమకు జరిగినవాటిని మరింత వివరంగా చెప్పగలుగుతారు. ఊరెళ్లి వచ్చిన సంగతో, పెళ్లిలో జరిగిన సంగతో అయితే సరే, మనమూ అక్కడ ఉన్నాం. క్లాసు గదిలో మనం లేము. అక్కడి వివరాలు మన చేతిలో పెట్టగలిగింది టీచరు ఒక్కరే.

ఇంతకుముందు పాపను పంపిన ప్లేస్కూల్‌కు ఒక యాప్ ఉండేది. రోజూ ఫొటోలు వచ్చేవి. ఎర్ర బట్టల రోజు, పసుపు బట్టల రోజు, రంగు కాగితాల కిరీటాలు, వరుసగా నిలబెట్టి నవ్వించిన ముఖాలు. కింద ఒక ఇంగ్లీషు వాక్యం, పిల్లలందరికీ అదే వాక్యం. ఆ ఫొటో పట్టుకుని పాపను ఏమని అడగాలో నాకు తోచేది కాదు. క్లాసులో కెమెరా పెట్టి, ఆఫీసులో కూర్చున్న తల్లిదండ్రులకు ఫోనులో చూపించే బళ్లు కూడా ఈ ఊళ్లో ఉన్నాయి. ఆ పద్ధతి నాకు ససేమిరా ఇష్టం లేదు. కెమెరాలో పిల్ల ఏడవడం కనిపిస్తుంది. ఎందుకు ఏడ్చిందో, ఎవరు దగ్గరికి తీసుకున్నారో, ఏ మాటతో ఊరుకుందో తెలియదు. పైగా ఇన్ని కళ్లు తనను కనిపెడుతున్నాయని తెలిశాక ఏ టీచరైనా నేల మీద చతికిలబడి పిల్లలతో హాయిగా ఆడగలరా?

ఇప్పుడు పాప ఎల్‌కేజీ చదువుతున్న బడి చిన్నది. యాప్ లేదు. గేటు పక్క గోడకు ఒక నల్లబల్ల ఉంది. పిల్లలను వదిలే ముందు మిస్ దాని మీద ఆ రోజు చెప్పిన కథ, పాడిన పాట, చేతులతో చేసిన పని రాస్తారు. ఇంగ్లీషులో ఒకసారి, కన్నడంలో ఒకసారి, పక్కన చిన్న బొమ్మ. మొన్న దసరా వరకు పాపను తీసుకురావడానికి మా అత్తగారు వెళ్లేవారు. నెల్లూరు నుంచి వచ్చి కొన్ని నెలలు మా దగ్గర ఉన్నారు. ఆవిడకు ఇంగ్లీషు రాదు. కన్నడ లిపి మన లిపికి తోబుట్టువే కాబట్టి కూడబలుక్కుంటూ చదివేసేవారు. అర్థం కానిచోట బొమ్మ ఉండనే ఉంది. తాబేలూ కుందేలూ గీసి ఉంటే ఇక చెప్పేదేముంది? ఇంటికి నడిచే దారి పొడుగునా ఆ కథను తనకు తెలిసిన తీరులో మొదలుపెట్టేవారు. "అట్లా కాదు నాన్నమ్మా, తాబేలు ముందే నిద్ర లేచింది" అని పాప దిద్దేది. బడిలో ఇంగ్లీషులో విన్న కథను మా గుమ్మం ఎక్కేలోగా పాప తెలుగులో చెప్పేసేది.

నేను చూసిన పద్ధతులన్నిటిలో ఈ నల్లబల్లకే నా ఓటు. పిల్ల చెయ్యి పట్టుకుని ఇంటికి నడిపించుకు వెళ్లే మనిషికి కబురు అందుతుంది. యాప్‌లో వచ్చే సందేశం తల్లి ఫోనుకో తండ్రి ఫోనుకో వెళుతుంది. మధ్యాహ్నం ఎండలో గేటు దగ్గర నిలబడేది నాన్నమ్మలు, తాతయ్యలు, పిల్లలను చూసుకునే పనివారు. పాపతో తొలి మాట వాళ్లదే.

దానికి తోడు డైరీ ఉంది. హోంవర్కు డైరీ కాదు. మిస్ పిల్లలను వంతులు వేసుకుని ఒక్కొక్కరి గురించి రెండు మూడు వాక్యాలు రాస్తారు. ఆ మధ్య పాప డైరీలో వచ్చింది ఇది: "చింతగింజలు లెక్కపెట్టమంటే ఐదు దాకా ఇంగ్లీషులో లెక్కపెట్టింది. ఆరు నుంచి తెలుగులో పదకొండు దాకా వెళ్లింది. గింజలు పదకొండే ఉన్నాయి." ఇంగ్లీషులో ఆరు రాలేదు, ఇంట్లో నేర్పించండి అని రాసి ఉండవచ్చు. అలా రాసే బళ్లే ఎక్కువ. మిస్ మాత్రం గింజలు పదకొండే ఉన్నాయి అని ముగించారు. లెక్క తప్పలేదని నాకు తెలిసింది, ఇంగ్లీషు అంకెలు ఎక్కడ ఆగాయో తెలిసింది, తెలుగు లెక్కను మధ్యలో ఆపకుండా చివరిదాకా విన్నారనీ తెలిసింది. మిస్‌ది కోలారు, తెలుగు బాగా అర్థమవుతుంది. ఆ రాత్రి మా అత్తగారు చింతపండు డబ్బాలోంచి గింజలు ఏరి, కోడిగుడ్ల అట్ట ముందు పెట్టుకుని పాపకు వామనగుంటలు నేర్పారు. నేను ఆ సంగతి డైరీలో రాసి పంపాను. కన్నడ ఇళ్లలో దీన్నే అళగుళిమణె అంటారని, తన చిన్నప్పటి చెక్క పలక ఇంకా ఊళ్లో ఉందని మిస్ తిరిగి రాశారు. మరుసటి వారం ఆ పలక క్లాసుకు వచ్చింది.

జర్మనీలో 1837లో చిన్నపిల్లల బడి తెరిచి, 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టిన ఫ్రెడరిక్ ఫ్రోబెల్, 1844లో తల్లులు ఇంట్లో పిల్లలను ఆడించేందుకు ఒక పాటల పుస్తకం అచ్చు వేయించారు. అంటే ఈ బడి పుట్టినప్పటి నుంచీ తల్లిని బయట నిలబెట్టలేదు. మన దేశంలో 1920లో భావనగర్‌లో బాలమందిరం ప్రారంభించిన గిజుభాయి బధేకా కూడా పిల్లలతో పాటు తల్లిదండ్రుల కోసం రాశారు. ఇటలీలోని రెజ్జో ఎమీలియా పట్టణపు బళ్లలో పిల్లలు అన్న మాటలను అన్నది అన్నట్టు రాసి, వాళ్లు గీసిన బొమ్మలతో కలిపి గోడలకు పెడతారు. మా మిస్ చేసే పని ఆ కోవలోదే. దీనికి ఖరీదైన సామగ్రి ఏమీ అక్కర్లేదు. పిల్ల మాట చెవిన పడినప్పుడు రాసిపెట్టుకునే ఓపిక ఉంటే చాలు.

కబురు ఇంటి నుంచి బడికి కూడా వెళ్లాలి. జూన్‌లో బడి తెరిచినప్పుడు మాకు ఒక కాగితం ఇచ్చారు. ఆకలి వేస్తే పిల్ల ఏమంటుంది, ఒంటికి వస్తే ఏమంటుంది, నిద్రపోయేటప్పుడు ఏం పట్టుకుంటుంది, దేనికి భయపడుతుంది, ఇంట్లో ఎవరెవరున్నారు, ఏమని పిలుస్తారు. ఏ భాషలో రాసినా ఫరవాలేదన్నారు. ఆయమ్మ కోసం ఆ మాటలన్నీ ఒక అట్ట మీద రాసి తలుపు వెనక అంటించారు. కొత్త చోట, కొత్త మనుషుల మధ్య, ఒంటికి వస్తోందని తను చెప్పేది ఎవరికీ అర్థంకాక బట్టలు తడుపుకున్న పిల్ల మర్నాడు బడికి వెళ్లనని మారాం చేయదా మరి? ఆ ఒక్క అట్ట ఎంతమంది పిల్లల ఏడుపు ఆపిందో!

దసరా వెళ్లాక మా అత్తగారు నెల్లూరు వెళ్లిపోయారు. పాప రెండు రోజులు బడిలో ఎవరితోనూ మాట్లాడలేదని డైరీలో వచ్చింది. నాన్నమ్మ ఊరెళ్లారని నేను రాసి పంపాను. మిస్ మర్నాడు పిల్లలందరినీ మీ నాన్నమ్మలు, అమ్మమ్మలు ఏ ఊళ్లో ఉన్నారని అడిగారట. నెల్లూరు, మండ్య, సేలం, పాట్నా, కొందరికి కింది అంతస్తు. నల్లబల్ల మీద పొడవాటి రైలు గీసి ఒక్కో పెట్టెలో ఒక్కో అవ్వను కూర్చోబెట్టారు. పాప తన నాన్నమ్మకు కిటికీ పక్క సీటే కావాలని పట్టుబట్టి గీయించుకుంది. ఇప్పుడు పాపను తీసుకురావడానికి మా ఆయన వెళుతున్నారు. రోజూ నల్లబల్ల ఫొటో తీసి నెల్లూరు పంపుతారు. సాయంత్రం ఫోనులో పాపను ఏం అడగాలో మా అత్తగారికి ముందే తెలిసి ఉంటుంది.

పండగల విషయంలోనూ ఇదే తీరు. ఫొటో కోసం పట్టుపావడాలు కట్టించి పంపమని కాకుండా, దసరాకు ముందు మీ ఇంట్లో బొమ్మలు పెడతారా, ఎప్పుడు పెడతారు అని అడిగారు. కన్నడ ఇళ్లలో రాజూ రాణీ బొమ్మలకు పెద్దపీట. తమిళుల ఇళ్లలో మెట్ల మీద గొలు. మన ఇళ్లలో కొందరు దసరాకు, కొందరు సంక్రాంతికి కొలువు పెడతారని నేను రాశాను. పిల్లలు తమ ఇంటి సంగతి తాము చెప్పుకున్నారు.

తల్లిదండ్రుల వైపు నుంచి కూడా కొంత హద్దు ఉండాలి. రాత్రి పదింటికి వాట్సాప్ గ్రూపులో రేపు ఏ రంగు సాక్సులు అని టీచరును అడగడం న్యాయం కాదు. ఆవిడకూ ఇల్లూ పిల్లలూ ఉన్నారు. ఇతరుల పిల్లలున్న ఫొటోలను బంధువుల గ్రూపుల్లోకి పంపడమూ తగదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లు నిండని వారి సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి తీసుకోవాలని సంస్థలకు నిర్దేశించింది. సంస్థలను సమ్మతి అడగమనే మనం పక్కింటి పిల్ల ఫొటో పంపే ముందు ఆ తల్లిని అడగవద్దా?

సమావేశాల్లో ఇప్పటికీ ఎక్కువగా వినిపించేది వేరే ప్రశ్న. పక్క బడిలో కూడికలు మొదలుపెట్టారట, మన పిల్లలకు ఎప్పుడు? 2022 అక్టోబరులో విడుదలైన జాతీయ పాఠ్యప్రణాళిక పత్రం మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల గురించినది. ఈ దశలో పరీక్షలు పెట్టడం ఏమాత్రం తగదని అది తేల్చి చెప్పింది. పిల్లలను గమనించడమే మార్గమంది. 2020 నాటి జాతీయ విద్యావిధానం వీలైనంతవరకు ఇంటి భాషలో బోధించమంటుంది. ఇన్ని భాషల పిల్లలున్న బెంగళూరు క్లాసులో అది తేలిక కాదని నాకూ తెలుసు. బోధన ఇంటి భాషలో కుదరనిచోట, బోధించినది ఏమిటో ఇంటికి చెబితే ఆ భాషలో మాట్లాడే పని మేము చేసుకుంటాం.

ఈ వారం డైరీలో బసవనగుడి కడలెకాయి పరిషె గురించి రాశారు. కార్తీకంలో చివరి సోమవారం దొడ్డ బసవన్న గుడి దగ్గర జరిగే వేరుశనక్కాయల జాతర అది. పిల్లలను తీసుకువెళ్లడం లేదు, జాతరనే క్లాసుకు తెస్తారట. వేరుశనగ పడని పిల్లలుంటే గురువారంలోగా తెలపమన్నారు. మీ ఇంట్లో వాటితో ఏం చేస్తారో పెద్దవాళ్ల గొంతుతో రికార్డు చేసి పంపమన్నారు. ఇసుకలో కాయలు వేయించే పద్ధతి గురించి మా అత్తగారు నెల్లూరు నుంచి పంపిన మాటలు అయిదు నిమిషాలున్నాయి. రెండు నిమిషాలకు కుదించమని మిస్ అడిగారు. ఏ ముక్కా తీయడానికి వీల్లేదని పాప అంటోంది.