తారు ఆగిన చోటే దుమ్ము పుడుతుంది

అనంతపురం వీధుల్లో చాలాచోట్ల తారు ఆగిపోయాక కాలవ దాకా ఒకటిన్నర మీటరు ఉత్త మట్టే. ఎదురు బండికి దారివ్వడానికి బస్సు ఆ మట్టిలోకి ఒక చక్రం దించి మళ్లీ తారెక్కుతుంది. అంటుకున్న మన్ను రోడ్డుమీద రాలుతుంది, వెనకొచ్చే బళ్లు దాన్ని నలిపి పిండి చేస్తాయి. పక్కనే బజ్జీలు వేసే మనిషి పొద్దుగూకే దాకా పీల్చేది ఆ పిండినే.

గాలిలో మురికిని తగ్గించడానికి కేంద్రం పెట్టిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో కర్నూలు, కడప, అనంతపురం మూడూ ఉన్నాయి. 2017-18తో పోలిస్తే 2025-26కల్లా పీఎం10ను, అంటే గాలిలో తేలే పది మైక్రాన్లలోపు సన్నటి దుమ్మును, 40 శాతం దాకా తగ్గించాలని అది లక్ష్యం పెట్టుకుంది. డబ్బు తక్కువున్న మున్సిపాలిటీ మొదటి రూపాయి ఈ మట్టి అంచుమీదే పెట్టాలి.

నీళ్లు చల్లితే చాలదా అంటారు. ఏడు మీటర్ల రోడ్డు కిలోమీటరు తడవాలంటే, చదరపు మీటరుకు అర లీటరు లెక్కన 3,500 లీటర్లు కావాలి. ఏప్రిల్ ఎండకు ఆ తడి ఎంతసేపు నిలుస్తుంది? తాగేనీటికే కటకటలాడే ఊళ్లో రోజూ ఈ ఖర్చు అన్యాయం. చల్లక తప్పని చోట శుద్ధి చేసి క్లోరిన్ కలిపిన మురుగునీరే వాడాలి.

అంచుకు మన నాపరాళ్లు చాలు. మట్టి తీసి, పది సెంటీమీటర్ల గ్రావెల్ దిమ్మిస కొట్టి, కాలవ వైపు మూడు సెంటీమీటర్ల వాలుతో పరిచి సందులు సిమెంటుతో పూడ్చాలి. బస్సులు ఆగే చోట బండ పగులుతుంది, అక్కడ 80 మిల్లీమీటర్ల మందం పేవర్లు (కాంక్రీటు ఇటుకలు) వేయాలి. చెట్టు మొదలు చుట్టూ మీటరు వదలాలి. అన్నిటికంటే ముందు పైపులు, కేబుళ్ల పని ముగించాలి. బండలు పరిచిన నెలకే తవ్వి మట్టితో పూడ్చేస్తే పెట్టిన డబ్బంతా మన్నే. తవ్వేవాళ్ల దగ్గర డిపాజిట్ తీసుకుని, మళ్లీ బండ వేశాకే వాపసు ఇవ్వాలి.

ఊడ్చేది తెల్లవారుజామున, కొంచెం తడిపి. డివైడర్ పక్కన పోసిన కుప్ప గంటలోపు ఎత్తకపోతే ఊడ్చీ లాభం లేదు. ఆకులు తగలబెట్టకుండా పార్కులోనే గుంత తీసి ఎరువు చేయాలి. ఊడ్చే అక్కలకు గుడ్డ మాస్కు కాదు, సన్నటి దుమ్మును ఆపే ఎన్95 మాస్కు ఇవ్వాలి, ఇది బేరాలాడే ఖర్చు కాదు. ఇసుక ట్రాక్టరు ట్రాలీ అంచుకు జానెడు కిందికే నింపి పట్ట కట్టాలి.

ఈ పనంతా మే నెలాఖరుకు ముగియాలి, జూన్‌లో గాలి మొదలవుతుంది. ఆ గాలిలోనే పని చేసిన వీధిలో, చేయని వీధిలో ఒకే రోజు 24 గంటలు కొలవాలి. పీఎం10 ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు దాటితే అంచు ఎక్కడ తెగిందో నడిచి వెతకాలి.