గరుకు సీలింగ్: గీకాలా, నింపాలా, కప్పేయాలా?

సీలింగ్ మీద టెక్స్చర్ (గరుకు పూత) నచ్చక వదిలించుకోవాలనుకునే వాళ్లు ముందుగా చూసేది అమెరికా వీడియోలు. నీళ్లు స్ప్రే చేస్తారు, పావుగంట ఆగుతారు, వెడల్పాటి బ్లేడుతో గీకితే పూత మీగడలా ఊడొస్తుంది. అక్కడ సీలింగ్ అంటే జిప్సం బోర్డు. దానిమీద చల్లిన పాప్‌కార్న్ పూతకు పెయింట్ వేసి ఉండకపోతే నీళ్లకు మెత్తబడుతుంది. హైదరాబాద్ ఫ్లాట్‌లో పైనున్నది ఆర్‌సీసీ (ఇనుప కడ్డీల కాంక్రీటు) స్లాబు, దాని కింద మామూలుగా 6 మి.మీ. సిమెంటు ప్లాస్టరు, ఆ తర్వాత టెక్స్చర్. ఇక్కడి సిమెంటు, యాక్రిలిక్ టెక్స్చర్ల మీద నీళ్లు కొడితే తడిసేది నేలే.

ఆస్‌బెస్టాస్ (ఊపిరితిత్తులకు హాని చేసే రాతినార) భయమూ ఆ వీడియోల నుంచి వచ్చిందే. అమెరికాలో ఇలాంటి స్ప్రే పూతల్లో దాని వాడకాన్ని 1978లో నిషేధించారు. అందుకే పాత ఇళ్లలో గీకేముందు ల్యాబ్ పరీక్ష చేయించమంటారు. మన దగ్గర అది ఎక్కువగా కనిపించేది సిమెంటు రేకుల్లో. పాత ఇంట్లో ఎవరైనా ఫాల్స్ సీలింగ్‌గా చదునైన సిమెంటు రేకులు బిగించి ఉంటే వాటిని గ్రైండ్ చేయొద్దు, పొడిగా కోయొద్దు, కొత్తగా కన్నాలు పెట్టొద్దు. పగుళ్లు లేకపోతే పెయింట్ వేసి అలాగే వదిలేయడం అన్నిటికన్నా క్షేమం.

మీ సీలింగ్ మీద ఏముందో తేల్చడానికి తడి స్పాంజి, లప్పం (పుట్టీ) బ్లేడు చాలు. ఒక మూల అడుగు మేర బాగా తడిపి, పావుగంట ఆగి గీకండి. పొడిపొడిగా, పేస్టులా వస్తే అది సున్నమో డిస్టెంపరో. నిదానంగా మెత్తబడి తెల్లటి ముద్దలా వస్తే పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) డిజైను. పొరలు పొరలుగా, రబ్బరులా సాగితే రోలర్‌తో వేసిన యాక్రిలిక్ టెక్స్చర్. బ్లేడు కీచుమంటుందే తప్ప ఏమీ రాకపోతే సిమెంటు. పాతబస్తీ వైపు డంగు సున్నం (ఇసుకతో కలిపి గానుగలో రుబ్బిన సున్నం) కప్పులున్న ఇళ్ల లెక్క వేరు, వాటి మీద సిమెంటు లప్పం నిలవదు, సున్నం పని తెలిసిన మేస్త్రీనే పిలవాలి.

తర్వాత చెక్క పిడితో సీలింగ్ అంతా తట్టుకుంటూ వెళ్లండి. గట్టి శబ్దం వస్తే సరే. డొల్లగా పలికిన చోట ప్లాస్టరు స్లాబును వదిలేసిందని అర్థం. దానిమీద ఎంత ఖరీదైన పూత వేసినా, ఏదో ఒక రోజు మొత్తం కలిసి కింద పడుతుంది. ఆ భాగం వరకు కొట్టించి మళ్లీ ప్లాస్టరు చేయించాలి. చెమ్మ మరకలుంటే అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు ప్లాస్టిక్ కవరును నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రోజు వదిలేయండి. కవరు లోపలి వైపు నీటి చుక్కలు పడితే తేమ స్లాబులోంచి వస్తున్నట్టే. పైఫ్లాట్ బాత్రూమో, టెర్రసో లీకవుతోందన్నమాట. అది ఆగే వరకు సీలింగ్ జోలికి వెళ్లొద్దు. లీకు మీద బోర్డు కప్పేస్తే మరక కనబడదు గానీ పైన ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతూ, కాంక్రీటును పెచ్చులుగా ఊడగొడుతూనే ఉంటుంది. టెర్రస్ కిందే ఉన్న ఇల్లయితే ఒక వానాకాలం గడిచాక, నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్యలో పని పెట్టుకోవడం మంచిది.

సున్నం, డిస్టెంపరు, పీఓపీ అయితే తడిపి గీకేయండి, అది కూలీ పనే. సిమెంటు, యాక్రిలిక్ టెక్స్చర్ల విషయంలో మాత్రం తీయించడం కన్నా నింపించడమే మేలు. చిప్పింగ్ మెషీన్ (పగలగొట్టే యంత్రం) పెడితే 6 మి.మీ. ప్లాస్టరు దగ్గర ఆగదు. స్లాబులో కడ్డీలను కప్పే కాంక్రీటు పొర 15 నుంచి 20 మి.మీ. మాత్రమే, అది బీటలిస్తే అసలు తలనొప్పి అప్పుడు మొదలవుతుంది. గ్రైండర్‌తో అరగదీస్తే ఇల్లంతా సిలికా దుమ్ము. అది ఊపిరితిత్తులకు శాశ్వతంగా హాని చేస్తుంది, చేతిరుమాలు కట్టుకుంటే ఆగేది కాదు. ఎత్తుగా పొడుచుకొచ్చిన మొనల వరకు అరగదీయక తప్పదంటే రాణిగంజ్‌లో దొరికే, గ్రైండర్‌కి బిగించే డైమండ్ కప్ వీల్‌కి దుమ్ము లాగే కవరు, వాక్యూమ్ తగిలించాలి. పనివాడికి కనీసం ఎన్95 మాస్కు ఉండాలి. మామూలు టెక్స్చర్‌కి కార్బొరండం రాయితో తడిపి రుద్దితే సరిపోతుంది.

ఇక నింపడం. చాలామంది పెయింటర్లు ఇక్కడే తప్పు చేస్తారు: టెక్స్చర్ ఎంత లోతున్నా మామూలు వాల్ పుట్టీనే మందంగా పట్టించేస్తారు. తెల్ల సిమెంటు లప్పం పల్చటి పూతకు తయారైంది, రెండు కోట్లూ కలిపి 1.5 మి.మీ. దాటించకూడదు. దాటితే పైపొర ముందే ఆరి, లోపల ఇంకా పచ్చిగా ఉండి, వెంట్రుకల్లాంటి పగుళ్లు వస్తాయి. కాబట్టి ముందు లోతు కొలవండి. టెక్స్చర్ మీద స్టీలు స్కేలు అడ్డంగా పెట్టి గుంటలోకి పిన్నీసు గుచ్చితే తెలిసిపోతుంది. మిల్లీమీటరు, ఒకటిన్నర అయితే లప్పం చాలు. రెండు మూడు ఉంటే ముందు గరుకు రకం లెవెలింగ్ పుట్టీతో గుంటలు నింపి, దానిమీద మామూలు లప్పం. అంతకు మించితే జిప్సం ప్లాస్టరు 5, 6 మి.మీ. వేయించడమే దారి.

యాక్రిలిక్ పూత మీద ఏదీ నేరుగా పట్టదు. 80 నంబరు ఎమరీ పేపరుతో మెరుపు పోయేదాకా రుద్ది, కడిగి, ఆరాక బాండింగ్ కోటు (పై పూత అంటుకునేందుకు వేసేది) వేయాలి. ఎన్ని నీళ్లు కలపాలో డబ్బా మీద రాసినట్టే కలపండి, పెయింటర్ అలవాటు ప్రకారం కాదు. ముందు రెండడుగుల ముక్కలో లప్పం వేసి చూసి, రెండు రోజుల తర్వాత బ్లేడుతో అడ్డగీతలు, నిలువుగీతలు గీసి, టేపు అంటించి ఒక్కసారిగా లాగండి. గళ్లు ఊడొస్తే కింది పూతను నమ్మడానికి లేదు, అప్పుడు బోర్డే గతి.

లెక్క చూద్దాం. పదికి పన్నెండడుగుల గది సీలింగ్ 120 చదరపు అడుగులు, అంటే సుమారు 11 చదరపు మీటర్లు. సగటున 1.5 మి.మీ. నింపితే దాదాపు 17 లీటర్ల ముద్ద పడుతుంది. వృథాతో కలిపి 25, 30 కిలోల పొడి, కాబట్టి 40 కిలోల బస్తా ఒకటి సరిపోతుంది. అదే గదికి జిప్సం 6 మి.మీ. అయితే 25 కిలోల బస్తాలు మూడు. లప్పానికి నీళ్లు పది కిలోలకు మూడున్నర నుంచి నాలుగు లీటర్లు. డ్రిల్లుకి కలిపే రెక్క తగిలించి కలిపి, పది నిమిషాలు ఆగి మళ్లీ కలపాలి. ముద్దను రెండు మూడు గంటల్లో వాడేయాలి. గట్టిపడ్డాక నీళ్లు పోసి మెత్తబరిస్తే బలం పోతుంది, సాయంత్రం పూట బకెట్టు మీద ఓ కన్నేసి ఉంచండి. ఉప్పు ఎక్కువున్న బోరు నీళ్లు వాడితే తర్వాత తెల్లటి పొడి పూస్తుంది, నల్లా నీళ్లు పట్టి పెట్టుకోవడం మంచిది. జిప్సం ముద్ద అరగంటలోనే బిగుస్తుంది కాబట్టి కొంచెం కొంచెంగా కలుపుకోవాలి. బాత్రూముకి, చెమ్మ తగిలే చోటికి జిప్సం వద్దే వద్దు.

మొదటి కోటు ఒక దిక్కుకి, పూర్తిగా ఆరాక రెండోది దానికి అడ్డంగా లాగాలి. ఏప్రిల్, మే నెలల్లో పని చేస్తే ఫ్యాను ఆపి కిటికీలు మూయండి, త్వరగా ఆరడం ఇక్కడ లాభం కాదు. స్లాబు, గోడ కలిసే గీత దగ్గర టాప్ ఫ్లోర్ ఇళ్లలో ఏటా పగులు వస్తుంది, ఎండకు స్లాబు సాగుతుంది గనక. ఆ గీతను లప్పంతో మూసేయకుండా మూడు నాలుగు మిల్లీమీటర్ల గాడి వదిలి యాక్రిలిక్ సీలెంటు నింపించండి. చివర్లో 220, ఆ తర్వాత 320 నంబరు ఎమరీ.

బోర్డు కప్పాలంటే ముందు ఎత్తు చూసుకోవాలి. స్లాబు కింద తొమ్మిదిన్నర అడుగులుంటే, వేలాడే ఫ్రేముకు ఐదంగుళాలు పోయినా తొమ్మిదడుగుల ఒక అంగుళం మిగులుతుంది. జాతీయ భవన నియమావళి నివాస గదులకు కనీసం 2.75 మీటర్లు అడుగుతుంది, ఏసీ గదులకైతే 2.4. ఎత్తు తక్కువున్న గదిలో సీలింగ్ సెక్షన్లను (బోర్డు బిగించే ఇనుప పట్టీలను) స్లాబుకే క్లిప్పులతో దగ్గరగా బిగిస్తే రెండున్నర అంగుళాల్లో సరిపెట్టొచ్చు, కానీ లైట్లు దూర్చడానికి లోతు మిగలదు.

జిప్సం బోర్డు 12.5 మి.మీ. మందం, ఆరుకి నాలుగడుగుల షీటు. ఒక్కోటి పంతొమ్మిది కిలోల దాకా బరువు. 120 చదరపు అడుగులకు ఐదు షీట్లు లెక్కకు సరిపోయినా, కోతలకు ఆరు తెప్పించండి. మోసే ఛానళ్లు నాలుగడుగులకొకటి, బోర్డు పట్టే సెక్షన్లు అడుగున్నరకొకటి రావాలి. రెండడుగులకొకటి పెట్టి డబ్బు మిగుల్చుకునే వాళ్లుంటారు, ఏడాది తిరక్కుండానే బోర్డు మధ్యలో పొట్ట వేస్తుంది. స్క్రూలు తొమ్మిదంగుళాలకొకటి, తల కాగితాన్ని చీల్చకుండా కొంచెం లోపలికి దిగాలి. జాయింటులో పేపరు టేపు లేకుండా పేస్టు ఒక్కటే పూస్తే మొదటి ఎండాకాలానికే గీతలు తేలతాయి.

డ్రిల్లు పెట్టేముందు కరెంటు పైపులు ఎటు పోతున్నాయో చూసుకోవాలి. మన ఇళ్లలో అవి స్లాబులోనే ఉంటాయి. ఫ్యాను బాక్సు నుంచి స్విచ్చు బోర్డు వైపు, లైటు పాయింట్ల వైపు పోయే గీతల మీద కన్నం పెట్టొద్దు, మెయిన్ ఆపి పని చేయించండి. ఫ్యాను బరువు స్లాబులోని హుక్కే మోయాలి, బోర్డు కాదు. రెక్కలకూ సీలింగ్‌కూ మధ్య అడుగు ఖాళీ లేకపోతే గాలి రాదు, కాబట్టి రాడ్డు మార్చాల్సి వస్తుంది. 18, 24 అంగుళాల రాడ్లు ట్రూప్ బజార్‌లో దొరుకుతాయి.

పీవీసీ ప్యానెళ్లు బాత్రూముకి, బాల్కనీకి బాగుంటాయి. స్టవ్ పైన మాత్రం వద్దు, వేడికి వంగుతాయి. థర్మోకోల్ పలకలు అంటించే ఆలోచనుంటే మానుకోండి, నిప్పంటుకుంటే కరిగి మండుతూ మీదే పడతాయి. బడ్జెట్ అసలే లేదనుకుంటే ఉన్న టెక్స్చర్ మీదే మెరుపు లేని తెల్ల పెయింట్ రెండు కోట్లు వేసి, గోడ పక్కనుంచి పైకి కొట్టే లైట్లు తీసేయండి. గరుకు కనబడేది పక్కవాటు వెలుగు వేసే నీడల వల్లే.

మేస్త్రీతో మాట్లాడుకునేటప్పుడు చదరపు అడుగు రేటులో పరంజా, బాండింగ్ కోటు, ఎన్ని కోట్ల లప్పం, ఎమరీ, ప్రైమరు, చెత్త తీసుకెళ్లడం ఉన్నాయో లేదో కాగితం మీద రాయించుకోండి. 120 చదరపు అడుగుల ప్లాస్టరు కొట్టిస్తే వంద కిలోలకు పైగా శిథిలాలు వస్తాయి. వాటిని నాలాలో పోసేవాళ్లకు ఇవ్వొద్దు, జీడిమెట్ల, ఫతుల్లాగూడల్లో నిర్మాణ వ్యర్థాల ప్లాంట్లున్నాయి. ప్రైమరు వేశాక, పెయింటుకు ముందు, చీకటి పడ్డాక ఒక లైటును గోడకు ఆనించి సీలింగ్ వెంబడి వెలుగు పడేలా పెట్టి చూడండి. ఎత్తుపల్లాలన్నీ అప్పుడే కనబడతాయి. అక్కడ పెన్సిలుతో గుండ్రాలు చుట్టి సరిచేయించుకున్నాకే మిగతా డబ్బులివ్వండి.