టాంపా ఊబర్ డ్రైవరు, మా వాడి వోల్పీ

మార్చిలో ఫ్లోరిడా వెళ్లాలనుకునే వాళ్లకి ముందే చెప్తున్నా, పర్సు గట్టిగా పట్టుకోండి. స్ప్రింగ్ బ్రేక్, బేస్‌బాల్ వాళ్ల స్ప్రింగ్ ట్రైనింగ్ (సీజన్ ముందు సాధన, ఆటలు) రెండూ ఒకేసారి పడి మామూలు హోటల్ గదికి కూడా రాత్రికి 260 డాలర్లు తీసుకున్నారు, టాక్స్ మళ్లీ వేరే, పొద్దున టిఫిన్ అంటే చల్లటి పాలు, సీరియల్. నెవార్క్‌లో ఫ్లైట్ మూడు గంటలు లేటు. అయినా వెళ్లాం, నేనూ మా వాడూ. ఎందుకంటే 2023లో న్యూయార్క్ బేస్‌బాల్ టీమ్ యాంకీస్‌కి షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) ఎవరన్నది వాళ్లు సాధన చేసే టాంపాలోనే తేలుతోంది, మా వాడికి నెల రోజులుగా అదే ధ్యాస.

వాడికి పన్నెండేళ్లు. వాళ్ల లీగ్ టీమ్‌లో వాడూ షార్ట్‌స్టాపే, ఇంకో అబ్బాయితో వంతులేసుకుని ఆడతాడు. వాడి దేవుడు ఆంథనీ వోల్పీ. కారణం సింపుల్, వోల్పీ మా న్యూజెర్సీలో పెరిగిన కుర్రాడు, వాళ్ల వాచంగ్ మా ఎడిసన్‌కి అరగంట దూరం, చిన్నప్పట్నుంచీ యాంకీస్ ఫ్యాన్, యాంకీస్ పాత షార్ట్‌స్టాప్ జీటర్ అంటే ప్రాణం. అప్పటికి 21 ఏళ్లు. కింది స్థాయి లీగుల్లో 2022లో 21 హోమ్ రన్లు (మన సిక్సర్ లాంటివి), 50 స్టీల్స్ (బంతి కొట్టకుండానే తర్వాతి బేస్‌కి ఉరకడం). కానీ ట్రిపుల్-ఏలో (పై లీగ్‌కి ఒక్క మెట్టు కింది లీగ్) ఆడింది 22 ఆటలే, అందుకే ఇప్పుడే ఎందుకు, ఇంకొన్నాళ్లు ఆగనివ్వండి అనేవాళ్లూ అప్పట్లో చాలామంది ఉన్నారు. పోటీలో ఇంకో ఇద్దరు, పెరాసా, అప్పటిదాకా ఆ చోట ఆడుతున్న కైనర్-ఫలేఫా.

ఆట రోజు హోటల్ నుంచి ఊబర్ ఎక్కాం. ఈ ట్రిప్‌లో నాకు మిగిలింది ఆ ఇరవై నిమిషాలే అనిపిస్తోంది ఇప్పుడు. డ్రైవరుకి అరవై దాటి ఉంటాయి, వెనిజులా ఆయన, అద్దానికి జపమాల వేలాడుతోంది. డేల్ మేబ్రీ రోడ్డు మీద ట్రాఫిక్ కదలట్లేదు. మా వాడి టోపీ చూసి "షార్ట్‌స్టాప్ ఎవరు బాబూ?" అని అడిగాడు. మా వాడు ఠక్కున "వోల్పీ" అన్నాడు. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "మంచి పిల్లాడే. కానీ పెరాసా మా బార్కిసిమేతో ఊరి వాడు" అన్నాడు.

అక్కణ్నుంచి మొదలుపెట్టాడు. వెనిజులాలో షార్ట్‌స్టాప్ అంటే వట్టి పొజిషన్ కాదట, ఇంటి పేరు లాంటిదట. కరాస్కేల్ తర్వాత అపారీసియో, హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్న ఒకే ఒక్క వెనిజులా ఆటగాడు ఆయనే. ఆ తర్వాత కాన్సెప్సియోన్, ఆయన మీద గౌరవంతో 13 నంబరు వేసుకున్న గీయెన్, 11 గోల్డ్ గ్లవ్స్ (ఫీల్డింగ్ అవార్డులు) గెలిచిన విస్కేల్. ఆ వారమే మయామీలో, దేశాల మధ్య జరిగే బేస్‌బాల్ టోర్నీలో, వెనిజులా టీమ్ డొమినికన్ వాళ్లని 5-1తో ఓడించింది, అది చెప్తుంటే స్టీరింగ్ మీద చెయ్యి వేసి దరువేస్తున్నాడు. ఆస్వాల్డ్ పెరాసా పోయిన సెప్టెంబర్లో వచ్చి 18 ఆటల్లో .306 సగటుతో కొట్టాడు, ప్లేఆఫ్స్‌లో కైనర్-ఫలేఫాని పక్కన పెట్టి హ్యూస్టన్ మీద ఒక ఆటలో ఇతన్నే దింపారు, ఇంకేం చూపించాలి వాడు, అని నన్ను అడుగుతున్నాడు. నా దగ్గర జవాబు లేదు.

నేను వైజాగ్ వాణ్ని. నాకు కోన శ్రీకర్ భరత్ గుర్తొచ్చాడు. రంజీలో 300 కొట్టిన మొదటి కీపర్ మన భరత్, అది 2015లో, ఇండియా టెస్ట్ టోపీ వచ్చింది 2023 ఫిబ్రవరిలో, నాగ్‌పూర్‌లో, 29 ఏళ్లకి. మధ్యలో పంత్ ఉన్నాడు, సాహా ఉన్నాడు, ఈయన బెంచీ మీద. వచ్చాక కూడా రెండు ఇన్నింగ్స్ పోగానే ఇషాన్ కిషన్‌ని దింపండి అని గోల. మేం టాంపాలో ఉన్న వారమే అహ్మదాబాద్ టెస్టు, అర్ధరాత్రి దుప్పట్లో ఫోన్ పెట్టుకుని చూశాను, 44 చేశాడు, ఊపిరి పీల్చుకున్నాను.

ఇదంతా డ్రైవరుకి నాకొచ్చినట్టు చెప్పాను. క్రికెట్ తెలీకపోయినా ఆయనకి మొత్తం అర్థమైంది. కాలేజీలో నేనూ కీపర్నే అని కూడా చెప్పాను. నాకన్నా బాగా ఆడేవాడు ఒకడు ఉండేవాడు, మూడేళ్లు వాడి వెనకాలే ఉన్నాను, ఆఖరేడు వాడికి వేలు విరిగితే రెండు మ్యాచ్‌లు దొరికాయి. ఆ రెండు రోజులూ నాకు సంతోషమో బాధో ఈనాటికీ తేల్చుకోలేను. మా వాడికి ఈ సంగతి అప్పటిదాకా తెలీదు, వెనక సీట్లోంచి నన్నే చూస్తున్నాడు.

స్టైన్‌బ్రెన్నర్ ఫీల్డ్ చిన్నదే, పదకొండు వేల మంది పడతారేమో, కానీ కొలతలు న్యూయార్క్ స్టేడియంవే. షార్ట్‌స్టాప్ అంటే రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య ఉండేవాడు, కుడిచేతి వాటం వాళ్లు లాగి కొట్టేవి చాలావరకు వీడి మీదికే వస్తాయి. బేస్‌కి బేస్‌కి 90 అడుగులే, కొట్టినవాడు నాలుగు సెకన్ల పైచిలుకులో ఫస్ట్ బేస్ చేరిపోతాడు, ఆలోపు వంగాలి, పట్టాలి, విసరాలి. పైగా 2023 నుంచి షిఫ్ట్ (ఫీల్డర్లు ఎక్కువమంది ఒకే వైపు చేరడం) తీసేశారు, రెండో బేస్‌కి చెరోవైపు ఇద్దరిద్దరే నిలబడాలి, దాంతో షార్ట్‌స్టాప్ కాళ్లకి పని పెరిగింది. కుర్రాళ్లు గ్రౌండ్ బాల్స్ (నేల మీద దూసుకొచ్చే బంతులు) తీస్తుంటే ఫెన్స్ పక్కన నిలబడి చూశాం. పెరాసా చేతులు ఎంత మెత్తనో. బంతి గ్లవ్‌లోకి వచ్చినట్టే తెలీదు, అప్పటికే విసిరేసి ఉంటాడు. వోల్పీ త్రోలో బలం చాలదని అనుమానించే వాళ్లున్నారు, కానీ అడుగు తీసే తొందర చూస్తే ఆ లోటు అక్కడే పూడుస్తున్నాడు అనిపించింది. మా వాడు మాత్రం ఒక్క మాట మాట్లాడలేదు, ఎప్పుడూ నోరు మూయనివాడు. పెరాసా నాలుగోసారి బ్యాక్‌హ్యాండ్‌తో బంతి తీశాక "నాన్నా, ఇద్దరినీ ఉంచుకోవచ్చు కదా" అన్నాడు.

బంతి ఇన్ని సెకన్లలోపు వెయ్యాలనే పిచ్ క్లాక్ పుణ్యమా అని ఆట రెండున్నర గంటల్లో అయిపోయింది. మిగతా రెండు రోజులు బీచ్, గుడి, ఎండ, చెప్పడానికి పెద్దగా ఏం లేదు.

మార్చి 26 ఆదివారం సాయంత్రం వార్త వచ్చింది, వోల్పీనే. తర్వాత జెర్సీ నంబరు 11 ఇచ్చారు. మా వాడు ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు, వాళ్లమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. కైనర్-ఫలేఫా ఇక అన్ని చోట్లా ఆడే ఆటగాడిగా ఉంటాడట. పెరాసాని ట్రిపుల్-ఏకి, అంటే స్క్రాంటన్‌కి పంపారు.

నాకు ఆ జపమాల, స్టీరింగ్ మీద ఆ చెయ్యి కళ్లముందు మెదిలాయి. ఆయన పేరు యాప్‌లో వెతికాను కానీ పలకరించే దారి లేదు. రాత్రి పడుకోబోతూ మా వాడు వచ్చి స్క్రాంటన్ ఎంత దూరం నాన్నా అని అడిగాడు. మా ఇంటి నుంచి దాదాపు రెండు గంటల డ్రైవ్. మే నెల టికెట్లు చూస్తున్నాను, మూడో బేస్ వైపు, ముందు వరసలో.