బడ్జెట్‌లో నేను కొట్టేసిన వరుస

ఉగాండా రాజధాని కంపాలాలో నాది లెక్కల ఉద్యోగం. ఒక చిన్న నిధి సంస్థలో గ్రాంట్ల పద్దులు చూస్తాను. శరణార్థులు తామే పెట్టుకుని తామే నడుపుకుంటున్న సంఘాలకు మేం డబ్బిస్తాం. దానితో వాళ్లు తమవాళ్లకు హక్కుల గురించి, నేల గురించి, చెట్ల గురించి శిక్షణలు పెట్టుకుంటారు. ఇక్కడికి రాకముందు ఇదే నగరంలో ఒక ట్రేడింగ్ కంపెనీలో అకౌంట్స్ రాసేవాణ్ని. రసీదు లేని ఖర్చు ఖర్చే కాదన్న పట్టుదల అక్కడ అబ్బింది.

ఆ పట్టుదలతోనే మొదటి ఏడాది ఒక తప్పు చేశాను.

బిడిబిడి అనే శరణార్థుల సెటిల్‌మెంట్ నుంచి ఒక దరఖాస్తు వచ్చింది. ఉగాండా వాయవ్యంలో, యుంబే జిల్లాలో ఉందది. దక్షిణ సూడాన్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాళ్ల కోసం 2016 ఆగస్టులో తెరిస్తే, కొద్ది నెలల్లోనే జనం 2 లక్షలు దాటారు. దరఖాస్తు పెట్టింది ఒక ఆడవాళ్ల సంఘం. దాన్ని నడిపే ఆవిడ సరిహద్దుకు అవతల టీచర్‌గా పనిచేసి వచ్చారు. పొయ్యిల తయారీ, కట్టెల గొడవలు, భూమి హక్కులు మూడూ కలిపి ఒకే శిక్షణ అడిగారు. బడ్జెట్‌లో ఒక వరుస ఇలా ఉంది: పిల్లల్ని చూసుకునే ఇద్దరికి రోజు కూలి. శిక్షణకు సంబంధం లేని ఖర్చు అని రాసి నేను దాన్ని కొట్టేశాను. ఎవరూ అడ్డు చెప్పలేదు.

మూడో వారానికి హాజరు పట్టీలో సంతకాలు, వేలిముద్రలు సగానికి పడిపోయాయి. కారణం తెలపమని మెయిల్ పెట్టాను. జవాబు ఫోన్లో వచ్చింది. "తమ్ముడూ, చంటిబిడ్డను వీపుకు కట్టుకుని మట్టి తొక్కడం ఎలాగో నువ్వే చెప్పు. చెబితే మానేసినవాళ్లను రేపే పిలుస్తాను" అన్నారు ఆవిడ. ఆ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

సెటిల్‌మెంట్‌లోకి వెళ్లాలంటే ప్రధానమంత్రి కార్యాలయం అనుమతి ఉండాలి, శరణార్థుల వ్యవహారాలు వాళ్ల చేతిలో ఉంటాయి. అది తీసుకుని, పక్వాచ్ దగ్గర నైలు దాటి వెళ్లాను.

చెట్టు కింద శిక్షణ. పుట్టమన్ను, తరిగిన గడ్డి, నీళ్లు కలిపి తొక్కుతున్నారు. మూడు రాళ్ల పొయ్యి కంటే ఈ మట్టి పొయ్యికి కట్టెలు బాగా తక్కువ పడతాయి. అయితే ఆ పాఠం అక్కడితో ఆగలేదు. ఆ ప్రాంతపు నేల ప్రభుత్వానిది కాదు, తరతరాలుగా స్థానిక వంశాల చేతిలో ఉన్నది. షియా చెట్టు గింజల నుంచి అక్కడి ఆడవాళ్లు నూనె తీస్తారు. కట్టెల కోసం శరణార్థి ఒకరు ఆ చెట్టు కొట్టారంటే గొడవ ఖాయం. కట్టెలకని దూరం వెళ్లిన ఆడపిల్లల మీద దాడులూ జరిగాయి. అందుకే చేతులకు మట్టి ఉండగానే చట్టం గురించి చెప్పారు. 2006 శరణార్థుల చట్టం ప్రకారం మీరు పని చేసుకోవచ్చు, దేశంలో తిరగవచ్చు. ఇచ్చిన చిన్న స్థలంలో ఇల్లు వేసుకోవచ్చు, పండించుకోవచ్చు, అమ్మకూడదు. స్థానికులైన ఆడవాళ్లు కూడా కొందరు కూర్చున్నారు. ఒకామె జూబా అరబిక్‌లో చెబితే ఇంకొకామె స్థానిక భాష అరింగాలోకి మార్చి చెబుతోంది. బయటి నిపుణుడు ఎవరొచ్చినా ఇంత పని జరిగేది కాదని నాకు గట్టిగా అనిపించింది. హక్కులు ఒక రోజు, పర్యావరణం ఇంకో రోజు అని మేం ఆఫీసులో విడదీసుకున్నాం గానీ, అక్కడ రెండూ ఒకే కట్టెల మోపులో ఉన్నాయి.

ఇంత తెలిసినవాళ్లకు డబ్బు నేరుగా ఎందుకు చేరదు? సహాయ నిధుల్లో కనీసం 25 శాతం 2020 నాటికి స్థానిక సంస్థలకు వీలైనంత నేరుగా చేరాలని 2016లో గ్రాండ్ బార్గెయిన్ పేరుతో పెద్ద దాతలు, సంస్థలు ఒప్పుకున్నారు. గడువు దాటింది, మాట నెరవేరలేదు. దాతలు చాలాసార్లు ఏళ్ల తరబడి ఆడిట్ లెక్కలు అడుగుతారు. శరణార్థుల సంఘాల్లో చాలావాటికి జిల్లా స్థాయి రిజిస్ట్రేషన్ కాగితం తప్ప ఇంకేమీ ఉండదు. దాంతో డబ్బు ఓ పెద్ద సంస్థ పేరు మీద వస్తుంది, అసలు పని చేసే మనిషి వాలంటీర్ అవుతారు. ఆ మాట వింటే ఇప్పుడు నాకు కష్టంగా ఉంటుంది. రోజంతా పాఠం చెప్పిన మనిషికి జీతమివ్వాలి, టీ, టీషర్టు కాదు. మా దగ్గర ఇప్పుడు శిక్షకులకు కూలి తప్పనిసరి. గడ్డి అమ్మిన ముసలావిడ రసీదు రాయలేదు కాబట్టి ఇద్దరు సభ్యుల సంతకాలు, మొబైల్ మనీ మెసేజ్ చూపిస్తే చాలు. ఈ మార్పు కోసం ఆఫీసులో చాలా వాదించాల్సి వచ్చింది.

ఈ నగరంలో పనిచేసే భారతీయుడిగా నేను 1972ను మర్చిపోలేను. 90 రోజుల్లో దేశం విడిచి పొమ్మని ఇదీ అమీన్ ప్రభుత్వం అంటే ఇక్కడి ఆసియా వాళ్లు ఇళ్లు, దుకాణాలు వదిలి వెళ్లారు. నాకూ పర్మిట్ రెన్యువల్ వచ్చిన ప్రతిసారీ టెన్షనే. కానీ నాకు వెనక్కి వెళ్లడానికి ఒక ఊరుంది. ఆ తేడా చిన్నది కాదు.

2025 మేలో ఇక్కడ దాదాపు 10 లక్షల మంది శరణార్థులకు ప్రపంచ ఆహార కార్యక్రమం రేషన్ ఆగిపోయింది. నిధులు లేక. తిండి లేనప్పుడు మనిషి చెట్టు కొట్టి బొగ్గు అమ్ముకుంటాడు, ఎన్ని శిక్షణలు విన్నా సరే. మొన్న ఆవిడ ఫోన్ చేసి అదే చెప్పారు. "పొయ్యి బాగుంది తమ్ముడూ, దాని మీద పెట్టడానికే లేదు."

కొత్త దరఖాస్తు వచ్చింది. పొయ్యిలతో పాటు ఈసారి కూరగాయల విత్తనాలు, మొక్కల నర్సరీ, రేషన్ ఆగినవాళ్లు ఎక్కడ ఫిర్యాదు చేయాలో చెప్పే రెండు రోజుల శిక్షణ ఉన్నాయి. పిల్లల్ని చూసుకునేవాళ్లు ఈసారి ముగ్గురు. విత్తనాలు మా నిధి పరిధిలోకి రావని కమిటీలో ఒకరు అప్పుడే అన్నారు. మంగళవారం మీటింగ్. హాజరు పట్టీల ఫైలు బ్యాగులో పెట్టుకున్నాను.